కలిసి పనిచేయు విద్య

(మహాసభ రెండవనాటి విద్యా సమావేశమున చేసిన యుపన్యాసము)

 

 విద్యను గూర్చియు, వివాహ వ్యయములను గూర్చియు, చేనేత సహకార సంఘములను గూర్చియు ప్రసంగించుటకు మాకంటె నర్హులైన పెద్దలు పలువురీ సభయందు కలరు. మాకప్పగింపబడిన విషయము వానికంటె చిన్నది. సాఫ్టువేరు సాయమున పలువురు కూడి యొక పనిని క్రమముగా సాగించుకొను పద్ధతి యెట్టిది, అది మన సంఘకార్యముల కెంతవరకు పనికివచ్చును, అనునదియే ఆ విషయము.

మేము సుమారిరువదియేండ్లు హైదరాబాదునందలి సాఫ్టువేరు కార్యాలయములలో పనిచేసినవారము. 1998 వ సంవత్సరమున మాదాపూరున సైబరు టవర్సు వెలసిన పిమ్మట, మగ్గపు గుంటలో కాళ్లు పెట్టి కూర్చుండిన తండ్రుల బిడ్డలు కంప్యూటరుల యెదుట కూర్చుండుట యారంభమయ్యెను. ఆ బిడ్డలలో మేమును ఒకరము. అందుచేత నీ విషయము మాకు జీతమిచ్చిన విద్యయే. ఐనను దీనినిక్కడ మాటలాడుటకు కారణమదికాదు. మన సంఘములో నొక బాలిక చదువు ఆరుమాసములు వెనుకబడుటకు ఈ విద్యను మేము మన పనియందుపయోగింపకుండుటయే హేతువైనది. ఆ వృత్తాంతమును ముందు మనవిచేసి, పిమ్మట విషయమునకు వచ్చెదము.

మా తప్పు

కొన్ని సంవత్సరముల క్రిందట విద్యార్థి వేతనముల యుపసంఘమునకు మేము కార్యదర్శిత్వము వహించియుంటిమి. సభ్యులమేడుగురము. అందరును సజ్జనులే, అందరును పనిచేయవలెనను కోరిక గలవారే. దరఖాస్తులు వాట్సాపు బృందమునకు ఛాయాచిత్రములుగా వచ్చుచుండెను. ఇంజనీరింగు రెండవ సంవత్సరము చదువుచున్న యొక బాలిక దరఖాస్తు అట్లే వచ్చెను. తండ్రి మగ్గము నేయును, తల్లి కండెలు చుట్టును. ఒక సభ్యుడు దానిని చూచి "పరిశీలింతము" అని వ్రాసెను. మరియొకరు నమస్కార చిహ్నముంచిరి. ఆ సాయంకాలమే యొక సభ్యుని మనుమని జన్మదినము. శుభాకాంక్షలు వరదవలె వచ్చి ఆ కాగితమును ముంచివేసెను.

పరిశీలించువారు కోశాధికారికి పంపబడినదనుకొనిరి. కోశాధికారి పరిశీలన ముగియలేదనుకొనెను. మేము ఇరువురును చూచుకొనుచున్నారనుకొంటిమి. సొమ్ము బ్యాంకులోనే యున్నది, దాత యిచ్చి నెలలు గడచినవి. కళాశాలవారి గడువు దాటిపోయెను. ఆ బాలిక పరీక్షకు కూర్చుండలేకపోయెను.

ఆమె తండ్రి మాయింటికి వచ్చెను. ఆయన కోపింపలేదు. కూర్చుండుమన్నను కూర్చుండక, "అయ్యా, మా అమ్మాయి కాగితం ఎవరి దగ్గర ఆగిందండీ?" అని మాత్రమడిగెను. ఆ ప్రశ్నకు మేముత్తరము చెప్పలేకపోతిమి. ఏడుగురిని విచారించిన పిమ్మట తెలిసినదేమనగా, ఆ కాగితమెవరియొద్దను ఆగలేదు. ఎవరియొద్దను లేదు గనుకనే ఆగినది.

పదిమందిలో పాము చావదని మన పెద్దలు చెప్పుదురు. పదిమందియు దుర్బలులగుటచేత కాదు, ప్రతివాడును ప్రక్కవాడు కొట్టుననుకొనుటచేత పాము తప్పించుకొనును. ఆ తండ్రి యడిగిన ప్రశ్నకు, సంఘములోని యేవ్యక్తియైనను, ఏ గడియనైనను, ఎవరిని పిలువకయే యుత్తరము చెప్పగలిగిననాడు ఆ సంఘము కలిసి పనిచేయుచున్నదని యెంచవలెను. మా యుపన్యాసమంతయు నీ యొక్క మాటకు వ్యాఖ్యానము.

మగ్గము నేర్పిన పాఠము

ఈ విద్య మనకు పరాయిదికాదు. బట్ట నేయుట యొక్కని పనియని చూచువారనుకొందురు. గాని పడుగును వీధిలో సాచి గంజిపెట్టు వేకువజామున నాలుగిండ్లవారు చేరనిదే పని సాగదు. పోచంపల్లివారి చిటికి పనిని చూడుడు. ముందుగా గళ్ల కాగితముమీద బొమ్మ గీయుదురు. ఏ పోగుకు ఎచ్చట కట్టు కట్టవలెనో ఆ కాగితమే చెప్పును. కట్టు కట్టువారు వేరు, రంగు ముంచువారు వేరు, నేయువారు వేరు కావచ్చును. కాని వారందరికిని ఆధారమొక్క కాగితమే. కట్టులో తప్పు జరిగినచో మగ్గమెక్కినపిదపనే బయటపడును, అప్పటికి నూలును రంగును కూడ వ్యర్థమైనవి. కావున ఎవరికి తోచినట్లు వారు జ్ఞాపకము పెట్టుకొనుటకు వారొప్పుకొనరు.

మరియొక విశేషము కలదు. మగ్గముమీద పోగు తెగినచోటనే కనబడును. నేతగాడు నాడెనాపి, తెగినచోట ముడివేసి, తరువాత సాగును. మన సంఘకార్యములలో పోగు తెగినది, కాని తెగినచోటు కనబడలేదు. కార్యాలయములలో నిపుడు వాడుచున్న సాధనముల ముఖ్యప్రయోజనము తెగినచోటును కనబడజేయుటయే.

ఒక లెక్క

సభ్యులు పెరిగినకొలది పని సులభమగునని సామాన్యముగా ననుకొందురు. 1960 దశకమున ఐబీఎం సంస్థయందు సిస్టము 360 అను కంప్యూటరుల నడుపు సాఫ్టువేరు నిర్మాణమునకు నాయకత్వము వహించిన ఫ్రెడ్ బ్రూక్సు అనునాయన తన యనుభవమును 1975 లో నొక గ్రంథముగా ప్రకటించెను. ఆయన చూపిన లెక్క మన పిల్లలకు బడిలో వచ్చునదే. ఇద్దరు కూడిన మాటలదారి యొకటి. ముగ్గురైన మూడు. ఏడుగురైన ఇరువదియొకటి. ఇరువదిమందియైన నూటతొంబది. ఏబదిమందియైన 1225. మనుష్యులు వరుసగా పెరుగుచుండగా వారి నడుమనుండు దారులు ఇబ్బడి ముబ్బడిగా పెరుగును. ఆలస్యమైన పనికి క్రొత్తవారిని చేర్చినచో, వారికి సంగతులు నేర్పుటకై పాతవారి కాలము వ్యయమగుటవలన నది యింకను ఆలస్యమగుననుట ఆయన నిర్ణయము.

మా యేడుగురి నడుమ ఇరువదియొక్క దారులు కలవు. ఆ బాలిక కాగితమిందేదో యొకదారిలో తప్పిపోయెను. ప్రతివాడును ప్రతివానితో మాటలాడుటకు బదులు, అందరును ఒకచోట వ్రాసి యొకచోట చదువుకొనిన ఏడుగురికి ఏడు దారులే చాలును. ఈ యొకచోటును కల్పించుటకు పుట్టినదే సాంఘిక సాఫ్టువేరు. ఒకని లెక్కలకు కాక, పలువురి పరస్పర వ్యవహారమునకై నిర్మింపబడిన సాఫ్టువేరని దీని కర్థము.

ఇది వచ్చిన త్రోవ

దీని చరిత్రమును సంగ్రహముగా మనవిచేసెదము. 1968 డిసెంబరు 9 వ తేదీని అమెరికాదేశపు శాన్ ఫ్రాన్సిస్కో నగరమున డగ్లస్ ఎంగెల్బర్ట్ అను ఇంజనీరు గంటన్నరసేపు ఒక ప్రదర్శన చేసెను. సుమారు 30 మైళ్ల దూరమున మెన్లో పార్కునందున్న తన సహచరునితో నొకే తెరమీద, నొకే వ్రాతను ఇరువురును చూచుచు, ఒకరి ముఖమొకరికి కనబడుచుండగా పనిచేసి చూపెను. నేడు మనమందరము వాడుచున్న మౌసు అను పరికరమును ఆ సభయందే లోకమునకు చూపెను. మానవుడు యంత్రముచేత వేగముగా లెక్కించుట కంటె, పలువురు కూడి కఠిన సమస్యలను సాధించుట ముఖ్యమని యాయన నమ్మెను.

1971 లో రే టామ్లిన్సను ఒక కంప్యూటరునుండి మరియొకదానికి ఈమెయిలు పంపెను. అది ఉత్తరమువంటిది. వ్రాసినవానికిని అందినవానికినే తెలియును. 1995 మార్చి 25 వ తేదీని వార్డ్ కన్నింగ్హాం అను ప్రోగ్రామరు, చదువువాడే దిద్దుటకును వీలుగల పుటలను ఏర్పరచి, దానికి వికీ యని పేరిడెను. హవాయి భాషలో నామాటకు శీఘ్రమని యర్థము. హొనొలులూ విమానాశ్రయమునందలి బస్సుపేరు చూచి ఆయన కీపేరు తోచినది. ఆ పద్ధతిమీదనే 2001 జనవరిలో వికీపీడియాయు, 2003 డిసెంబరులో మన తెలుగు వికీపీడియాయు ప్రారంభమైనవి. ఎవరెప్పుడేమి మార్చిరో ప్రతి పుటకును చరిత్రయుండుట ఇందలి గుణము. తప్పు వ్రాసిన దిద్దవచ్చును, దిద్దినది తప్పైన మరల వెనుకటిదానిని నిలుపవచ్చును.

లినక్సు అను సాఫ్టువేరును 1991 లో నారంభించిన లీనస్ టోర్వాల్డ్సు, దేశదేశముల వారు పంపు మార్పులను చిక్కులేకుండ కలుపుటకై 2005 లో గిట్ అను సాధనమును నిర్మించెను. ఒకరినొకరు ముఖతః ఎన్నడు నెరుగని వేలకొలది మనుష్యులు దానిచేత నొక పనిని నడుపుచున్నారు. 2006 లో ఆండ్రూ మెకఫీ అను ఆచార్యుడు, ఇట్టి సాధనములు కార్యాలయములలో ప్రవేశించుటను ఎంటర్ప్రైజ్ 2.0 అను పేరున వివరించెను. తరువాత నొక విచిత్రము జరిగెను. గ్లిచ్ అను ఆటను నిర్మించిన సంస్థ ఆ ఆట సాగక 2012 లో దానిని మూసివేసెను. తమలో తాము మాటలాడుకొనుటకు కల్పించుకొనిన సాధనమును మరుసటి యేట స్లాక్ అను పేరున బయలుపరచెను. ఆట పోయినది, మాటలాడుకొనిన పద్ధతి నిలిచినది. సేల్స్ఫోర్సు అను పెద్దసంస్థ 2021 లో దానిని కొనెను. మైక్రోసాఫ్టువారి టీమ్సు 2017 లో వచ్చెను. 2020 మార్చిలో దేశమంతయు మూతపడినప్పుడు మన పిల్లలు పల్లెలలోని యిండ్లనుండియే కార్యాలయముల పనులు సాగించుట మీరందరును చూచినదే. ఆ పనికీ సాధనములే ఆధారము.

సంభాషణ వేరు, దస్తరము వేరు

ఇన్ని సాధనములున్నను మూలసూత్రమొకటి మరువరాదు. మాటలాడుకొనుట వేరు, పనిని నమోదుచేయుట వేరు. మన తాతలనాటి వర్తకులు అంగడి యరుగుమీద నెంత మాటలాడుకొనినను, చీకటిపడులోపల పద్దు పుస్తకమున నెక్కించిననే కాని బేరమైనదనుకొనలేదు. మేము సంభాషణనే దస్తరమని భ్రమించితిమి.

ఈ భ్రమ మావంటి సామాన్యులకే కాదు. అమెరికా అంతరిక్ష సంస్థయైన నాసా 1998 డిసెంబరులో అంగారక గ్రహమునకు మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌకను పంపెను. దాని తోపుబలమును నిర్మాణ సంస్థవారి సాఫ్టువేరు పౌను లెక్కను ఇచ్చుచుండగా, నడుపువారి సాఫ్టువేరు న్యూటను లెక్కగా గ్రహించుచుండెను. ఒకదానికంటె మరియొకటి నాలుగున్నర రెట్లకు సమీపము. నౌక గ్రహమునకు సుమారు 226 కిలోమీటరుల యెత్తున పోవలసియుండగా సుమారు 57 కిలోమీటరులకు దిగి, 1999 సెప్టెంబరు 23 వ తేదీని నశించెను. మార్గమును గణించువారిలో కొందరు తేడాను ముందే గమనించిరి. కాని ఆ సందేహము నియమితమైన దోషపత్రములలో నెక్కక, ఈమెయిలు ఉత్తరములలోను మాటలలోను తిరిగినది. విచారణసంఘమువారు యీ లోపమునుగూడ చూపిరి. మహావిద్వాంసుల నడుమనైనను, చెప్పితిమి గదా యనుకొనుట పని జరుగుట కాదు.

వాట్సాపును మేము దూషింపము. చావు కబురును, సభ కబురును క్షణములో నందరికి చేర్చుట కది తగినదే. అది దండోరావంటిది. దండోరా విని యెవరు కదలిరో, ఎవరు కదలలేదో దండోరాకు తెలియదు.

పనిపలక

ఇక దస్తరమెట్లుండవలెనో చెప్పెదము. జపానుదేశపు టయోటా కర్మాగారములలో తైచి ఓనో అనునాయన కాన్బాన్ అను చీటీల పద్ధతిని వృద్ధిచేసెను. ఆ మాటకు వారి భాషలో సూచనపలక యని యర్థము. ఒక భాగము ఖర్చైనప్పుడు దానితోనుండిన చీటీ వెనుకకు పోయి, మరియొకటి కావలెనని చెప్పును. చీటీ రానిదే ఎవరును అదనముగా తయారుచేయరు. ఈ పద్ధతినే సాఫ్టువేరు పనివారు తరువాత తమకనుకూలముగా మార్చుకొనిరి. 2011 లో వచ్చిన ట్రెల్లో వంటి సాధనములు దీనికే తెరమీది రూపములు.

పలకమీద మూడు గడులుండును. చేయవలసినవి, జరుగుచున్నవి, ముగిసినవి. ప్రతి పనికిని ఒక చీటీ. ప్రతి చీటీమీద నొక మనుష్యుని పేరు, ఒక తేదీ, తరువాత చేయవలసిన పని. పేరొకటే యుండవలెను. "ఉపసంఘము" అని వ్రాసిన చీటీకి తండ్రియు తల్లియు లేరు. పని కదలినకొలది చీటీ కుడివైపునకు జరుగును. కదలక నిలిచిన చీటీ దూరమునుండియే కనబడును. తెగిన పోగన నిదియే.

ఇందులో నొక కఠిన నియమము కలదు. జరుగుచున్నవి యను గడిలో నొక్కొక్కనికి నియమితసంఖ్యకు మించి చీటీలుండరాదు. మన సంఘములలో ఉత్సాహవంతుడైన యొక యువకునికే వసతిగృహపు మరమ్మతు, సంచిక యచ్చు, రక్తదాన శిబిరము, పెండ్లి పరిచయ సభ అన్నియు నప్పగించి, యేడాది తిరుగకముందే వానిని అలసటచేత పోగొట్టుకొనుట మీరెరుగుదురు. పలకమీద వాని పేరు తొమ్మిదిమార్లు కనబడినచో, తప్పు వానిది కాదు, మనదని పెద్దలకే తెలియును. అందరును పల్లకీ నెక్కువారైన మోయువారెవరని సామెత యడుగును. మోయువారెవరో పలక చూపును.

దీని లోపములు

ఔషధమును పొగడువాడు పథ్యమునుగూడ చెప్పవలెను. మేము కార్యాలయములలో చూచిన కీడులు నాలుగు.

మొదటిది, విశ్రాంతి లేమి. చేతిలోని ఫోను రాత్రింబగళ్లు మ్రోగుచుండ, మనుష్యునికి భోజనమును నిద్రయు లేవు. ఫ్రాన్సు దేశమువారు 2017 వ సంవత్సరమునుండి, పెద్ద సంస్థలు పనివేళల తరువాత పనివారలకు ఈ సందేశములనుండి విముక్తిని గూర్చి వారితో చర్చించి యేర్పాటు చేయవలెనని శాసనముంచిరి. దస్తరము సరిగానున్నచోట మ్రోగవలసిన యవసరము తగ్గును. పలకను మనము పోయి చూతుము, అది మనలను తరుమరాదు.

రెండవది, నిఘా. అధికారి యీ పలకనుబట్టి గడియ గడియకును లెక్కయడిగినచో, పనివారు పనిచేయుట మాని చీటీలు జరుపుట నేర్తురు. చీటీ మనుష్యుని తూచు త్రాసు కాదు, పని యున్నచోటు తెలుపు దీపము మాత్రమే.

మూడవది, గోప్యత. ఆ బాలిక ఆదాయపత్రమును, ఆధారు పత్రమును, బ్యాంకు ఖాతాసంఖ్యను మేము బృందములో ఛాయాచిత్రములుగా నుంచితిమి. బీదరికమును వీధిలో ఆరవేసినట్లయ్యెను. ఇది ఆలస్యమువంటి తప్పే, బహుశః అంతకంటె పెద్దది. మన దేశమున 2023 లో వ్యక్తిగత సమాచార రక్షణకై చట్టము చేయబడినది. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల సమాచారమునకు తలిదండ్రుల సమ్మతి యావశ్యకమని అందున్నది. చట్టమున్నను లేకున్నను మన యింటిబిడ్డ మర్యాద మనము కాపాడవలెను.

నాలుగవది, పరాధీనత. లోకమంతట సంఘములు ఏండ్లతరబడి వ్రాసికొనిన యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో మూతపడినవి. పరుల పెరటిలో నాటిన చెట్టు కాయలు మనవని నమ్మరాదు. నెలకొకమారు ప్రతి తీసి మన కాగితములలో దాచుకొనవలెను.

మా స్వల్పానుభవము

ఆ తండ్రి వచ్చిపోయిన పిమ్మట మా యుపసంఘమున నీ పద్ధతినారంభించితిమి. క్రొత్త సాధనమేదియు కొనలేదు. అందరును దిద్దుటకు వీలుగల యొక పట్టికను కంప్యూటరులో తెరచితిమి, అంతియే. మొదటి మాసమున వ్రాసినవారు ముగ్గురే. తక్కినవారు మునుపటివలెనే ఫోనుచేసి యడుగుచుండిరి. అడిగినప్పుడెల్ల మేము కోపపడక, "పట్టికలో చూచి చెప్పెదము, మీరును చూచుచుండుడు" అనుచు వచ్చితిమి. వృద్ధులైన కోశాధికారిగారు తమ కాగితపు పుస్తకమును విడువనని చెప్పిరి. విడువనక్కరలేదంటిమి. ప్రతి సాయంకాలమును వసతిగృహమునందలి విద్యార్థి యొకడు ఆయన పుస్తకమును చూచి పట్టికలో నెక్కించుచుండెను. ఆయన లెక్కలో తప్పులేదు గనుక మా పట్టికయు నిలిచినది.

ఒక దినమున చిక్కు వచ్చెను. ఒక చీటీ మూడువారములుగా అధ్యక్షులవారి పేరుననే నిలిచియుండెను. పెద్దలకవమానమని కొందరా పేరు తీసివేయుమనిరి. అధ్యక్షులవారు విని, "పేరుండనీయుడు, పని ముగిసిననాడు తానే పోవును" అని చెప్పి, ఆ రాత్రియే దానిని ముగించిరి. ఆ మాటకంటె మాకు మేలుచేసిన సాధనమింకొకటి లేదు. మరుసటిదినమునుండి ఏడుగురును వ్రాయసాగిరి. ఆ యేట గడువు తప్పిన దరఖాస్తు లేదు.

మా సూచనలు

కావున మహాసభవారికి మా సూచనలివి.

1. విద్యార్థి వేతనములకును, వసతిగృహమునకును, సహాయనిధికిని ఒక్కొక్క పనిపలకనేర్పరచవలెను. ప్రతి చీటీకిని పేరొకటి, తేదీ యొకటి యుండవలెను.

2. వాట్సాపులో ననుకొనిన యే నిర్ణయమైనను ఒక దినములోగా పలకమీద నెక్కనిచో నిర్ణయము కాదని యెంచవలెను.

3. జరుగుచున్న పనులలో నెవరి పేరునను అయిదుకు మించి చీటీలుండరాదు.

4. విద్యార్థుల పత్రములను ముగ్గురికి మాత్రమే ప్రవేశముగల చోట నుంచవలెను. పలకమీద దరఖాస్తు సంఖ్యయే యుండవలెను, పేరును ఆదాయమును ఉండరాదు.

5. ఆదివారము సాయంకాలమేడు గంటలకు అరగంటసేపు నిలిచిపోయిన చీటీలను మాత్రమే చర్చింపవలెను. అప్పుడు న్యూజెర్సీ సోదరులకు వేసవిలో ఉదయము తొమ్మిదిన్నర, శీతకాలమున ఎనిమిదిన్నర యగును. తక్కిన దినములలో మనము నిద్రించునప్పుడు వారును, వారు నిద్రించునప్పుడు మనమును వ్రాసికొనుచు పని సాగింపవచ్చును.

6. తెరమీద చదువలేనివారికొరకు వారమునకొకమారు పలకను తెలుగున అచ్చువేసి వసతిగృహపు గోడమీద అంటింపవలెను. జిల్లాకిద్దరు యువజనులు, అందొకరు స్త్రీయై యుండునట్లు, పెద్దలకీ పద్ధతిని నేర్పవలెను. నేడు ఫోనుతో తెలుగున మాటలాడిన నదియే వ్రాయును గనుక, అక్షరములు కొట్టుట రాదను సంకోచమక్కరలేదు.

పోషకమహాశయులకు ప్రత్యేకమొక విన్నపము. దీనికి మీ ధనమక్కరలేదు, మీ యలవాటు కావలెను. మీరిచ్చిన సొమ్మెచ్చటనున్నదో తెలిసికొనగోరినప్పుడు అధ్యక్షులవారికి ఫోనుచేయక పలకను చూడుడు. సందేహమున్న నక్కడనే వ్రాయుడు. మీరడిగిన ప్రశ్నయు, మేమిచ్చిన యుత్తరమును నలుగురికి కనబడినచో, అనుమానమునకు తావుండదు. మన సంఘములు చీలిపోవుటకు సొమ్ము పోవుటకంటె సొమ్మెచ్చట నున్నదో తెలియకపోవుటయే తరచుగా కారణమగుచున్నది.

యంత్రము నమ్మకమును పుట్టింపదు. ఉన్న నమ్మకమును నిలుపుటకు సాయపడును. పెద్దలు ముందుగా తమ పేరుల నెదుట చీటీలుంచుకొనిననే పిన్నలు వెంబడింతురు.

ఆ బాలిక మరల చదువు సాగించి పట్టము పొందినది. పోయిన యారుమాసములను మాత్రము మనమీయజాలము. ఈ యేటి దరఖాస్తులు వచ్చు మాసమునుండి ప్రారంభమవును. అందులో ప్రతి కాగితము వెనుకను ఒక మగ్గమును, ఒక తండ్రియు కలరు. వారిలో నెవరైనను వచ్చి "మా కాగితం ఎవరి దగ్గర ఉంది?" అని యడిగినచో, లేచి వెదకక, ఉన్నచోటనే యుత్తరము చెప్పగల సంఘముగా మనముండవలెనని మా కోరిక. పై సూచనలను తీర్మానముగా నంగీకరింపుడని మహాసభవారిని ప్రార్థించుచున్నాము.